రోగితో మాట కలిపిన వైద్యుడు: డాక్టర్ వెంకటస్వామి

రాజపాళయం, మంసాపురం ప్రాంతాల్లో కంటి ఆపరేషన్ అనగానే పెద్దవాళ్ళ నోట ముందుగా వచ్చే పేరు మదురై అరవింద్ ఆస్పత్రి. దాన్ని నెలకొల్పిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 2006లో కన్నుమూశారు. ఇవాళ మన బడుల్లో చదువుతున్న పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. ఆయన్ని గొప్ప శస్త్రవైద్యుడిగా, పేదలకు చూపునిచ్చిన మహానుభావుడిగా చెప్పుకోవడం మామూలే. ఈసారి ఆయన జీవితాన్ని ఇంకో వైపు నుంచి చూద్దాం. బడి చదువు ముగించిన పల్లెటూరి అమ్మాయిలను ఆయన వైద్యసేవలోకి ఎలా తెచ్చారు, రోగితో మాట్లాడటాన్ని చికిత్సలో భాగంగా ఎలా చేశారు అన్నది మన బడుల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు దగ్గరి సంగతి.

నల్లరేగడి నేల నుంచి

వెంకటస్వామి 1918 అక్టోబరు 1న ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. కోవిల్‌పట్టి, ఎట్టయపురం చుట్టూ ఉన్న ఆ నల్లరేగడి పల్లెల్లో తమిళంతో పాటు ఎన్నో ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. అయిదుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. పొద్దున్నే గేదెలను మేతకు తోలి, ఆ తర్వాత బడికి నడిచి వెళ్ళేవారు. పలకలు, కాగితాలు లేని ఆ బడిలో ఏటి ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దారు.

ఆయనకు పదేళ్ళ వయసులో దగ్గరి బంధువుల ఇళ్ళలో ముగ్గురు స్త్రీలు నిండు గర్భంతో ఉండగా చనిపోయారు. ఊళ్ళో డాక్టరు లేడు. ఆ చావులు చూసిన పిల్లవాడు కాన్పుల డాక్టరు కావాలనుకున్నాడు. మదురై అమెరికన్ కళాశాలలో డిగ్రీ, 1944లో మద్రాసు స్టాన్లీ కళాశాల నుంచి వైద్య పట్టా, ఆ తర్వాత సైన్యంలో వైద్యుడిగా కొలువు. దారి సాఫీగా ఉన్నట్టే కనిపించింది. అంతలో కీళ్ళవాతం పట్టుకుంది. నెలల తరబడి మంచం దిగలేదు. వేళ్ళు వంకర్లు పోయాయి. 1948లో సైన్యం నుంచి బయటికి రావలసి వచ్చింది.

ఆ చేతులతో కాన్పులు చేయడం కుదరదని తేలాక కంటి వైద్యం వైపు మళ్ళారు. వంకరపోయిన వేళ్ళతోనే కత్తి పట్టడం కొత్తగా సాధన చేశారు. జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేసినవి ఆ చేతులే. నెలల తరబడి తానే రోగిగా పడుకున్న మనిషి కాబట్టి, మంచం మీద ఉన్నవాళ్ళకు ఏం తెలియాలో, ఏం తెలియక భయపడతారో ఆయనకు బాగా తెలిసి ఉండాలి.

ఉచితం అన్నా ఎందుకు రారు?

1956లో ఆయన మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగం అధిపతి అయ్యారు. ఇరవై ఏళ్ళు అక్కడే పనిచేశారు. 1960ల నుంచి పల్లెల్లో కంటి శిబిరాలు నడిపారు. శుక్లాలతో చూపు పోయినవాళ్ళు పల్లెపల్లెనా ఉన్నారు. చిన్న ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది, డబ్బు కూడా అక్కర్లేదు. అయినా చాలామంది ముందుకు రాలేదు.

కారణాలు వెతికితే వైద్యానికి సంబంధం లేనివే ఎక్కువ. బస్సు చార్జీ లేదు. ఆస్పత్రిలో తిండి ఎవరు పెడతారో తెలియదు. తోడు వచ్చేవాళ్ళ కూలి పోతుంది. అన్నిటికీ మించి, కంట్లో కత్తి పెడితే ఉన్న కాస్త చూపూ పోతుందన్న భయం. పెద్ద వయసు కదా, ఇంకెందుకులే అన్న నిస్పృహ. ఉచితం అన్న ఒక్క మాట వీటిలో దేనికీ జవాబు కాదు. అందుకే తర్వాతి రోజుల్లో అరవింద్ శిబిరాల్లో రోగులను తీసుకెళ్ళడం, తిండి, పడక, తిరిగి ఇంటికి చేర్చడం అన్నీ ఆస్పత్రి బాధ్యతే అయ్యాయి. ఒకే ఊరివాళ్ళను కలిపి తీసుకెళ్ళారు. పక్క మంచం మీద తెలిసిన ముఖం ఉంటే సగం భయం తగ్గుతుంది.

పల్లెటూరి అమ్మాయిలు

దేశంలో కంటి డాక్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఒక్కో డాక్టరు సమయం చూపు పరీక్షకు, కంటి ఒత్తిడి కొలవడానికి, ఆపరేషన్‌కు రోగిని సిద్ధం చేయడానికి, కాగితాలు రాయడానికి పోతే ఆపరేషన్‌కు మిగిలేది కొంచెమే. ఆ పనులు నేర్పితే ఇతరులూ చేయగలరని వెంకటస్వామి గ్రహించారు. 1973లో కంటి వైద్య సహాయకుల శిక్షణ మొదలుపెట్టారు. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది కూడా ఆ ఏడాదే.

1976లో పదవీ విరమణ చేసి, మదురైలో 11 పడకలతో అరవింద్ ఆస్పత్రి తెరిచారు. శ్రీ అరవిందుల మీద ఉన్న భక్తితో ఆ పేరు పెట్టారు. పెళ్ళి చేసుకోని ఆయనకు తోబుట్టువుల కుటుంబాలే అండ. ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఆస్పత్రిని నిలబెట్టారు. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, బావమరిది డాక్టర్ నంపెరుమాళ్‌సామి తొలి రోజుల నుంచీ వెంట ఉన్నారు. పల్లెల నుంచి అమ్మాయిలను ఎంచుకుని, భృతి ఇస్తూ, రెండేళ్ళు నేర్పే పద్ధతి అక్కడ స్థిరపడింది. మార్కులతో పాటు ఓర్పు, రోగి మీద దయ చూసి తీసుకున్నారు. ఆస్పత్రి సిబ్బందిలో పెద్ద భాగం వాళ్ళే.

వాళ్ళలోనే కొందరిని రోగులకు విడమరిచి చెప్పడానికి ప్రత్యేకంగా తయారు చేశారు. డాక్టరు ఆపరేషన్ కావాలని చెప్పగానే రోగి ఈ అమ్మాయి దగ్గరికి వస్తాడు. ఏ కంటికి, ఏం చేస్తారు, ఎన్ని రోజులు ఉండాలి, ఎంత అవుతుంది, డబ్బు లేకపోతే ఏమిటి, ఇంటికి వెళ్ళాక చుక్కల మందు ఎలా వేసుకోవాలి అన్నీ ఆమె చెబుతుంది. ఊరి యాస, ఊరి భయాలు తెలిసిన అమ్మాయి కాబట్టి అవతలి మనిషి మనసు విప్పుతాడు. డబ్బు కట్టాలా, ఉచిత విభాగానికి వెళ్ళాలా అన్నది రోగే తేల్చుకోవచ్చు. పేదరికం రుజువు చేసే కాగితం అడగరు. చికిత్స తీసుకునే చోట మనిషి తలవంచుకునే పరిస్థితి రాకూడదన్నది అక్కడి నీతి.

తేని, తిరునల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరిలలో ఆస్పత్రులు వెలిశాయి. 1992లో ఆరోలాబ్ మొదలై, విదేశాల నుంచి తెచ్చే కంటి లెన్సులను ఇక్కడే ఎంతో తక్కువ ధరకు తయారు చేసింది. 87 ఏళ్ళ వయసులో, 2006 జూలై 7న వెంకటస్వామి మరణించారు.

చట్టం ఏమంటోంది?

ఆయన అలవాటుగా పాటించిన పద్ధతులు కొన్ని ఇవాళ చట్టంలోకి వచ్చాయి. రోగికి చికిత్స ఏమిటో, లాభనష్టాలేమిటో, వేరే దారి ఉందో లేదో తగినంత చెప్పిన తర్వాతే సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణాపాయం ఉంటే తప్ప, ఒక చికిత్సకు ఇచ్చిన ఒప్పుకోలును ఇంకోదానికి వాడకూడదు. తనకు తెలిసిన భాషలో వివరం పొందడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కంటి పరీక్షకులు, ల్యాబ్ నిపుణులు, అంబులెన్స్ అత్యవసర సిబ్బంది వంటి వారి చదువుకు, నమోదుకు, వృత్తి నీతికి ఒక చట్రం వేసింది.

మన బడికి ఇందులో ఏముంది?

మన ఇళ్ళలోని అవ్వలు అంగట్లో తమిళం మాట్లాడతారు. నొప్పి వస్తే తెలుగులోనే మూలుగుతారు. ఎక్కడ గుచ్చుతోంది, ఎప్పుడు మసకబారింది అన్నది ఇంటి భాషలోనే సరిగ్గా చెప్పగలరు. ఆస్పత్రిలో కాగితం తమిళంలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. పక్కన ఉన్న మనవడు సగం చెప్పి సగం దాచి, వేలిముద్ర వేయించేస్తాడు. అవ్వ భయపడుతుందని దాచానంటాడు. అది ప్రేమే కావచ్చు, కానీ అవ్వ కంటి సంగతి అవ్వకు తెలియకుండా పోతుంది. అక్కడ తెలుగు, తమిళం రెండూ వచ్చిన నర్సో, కంటి సహాయకురాలో ఉంటే ఈ చిక్కు ఉండదు. రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు ఆ అర్హత పుట్టుకతోనే ఉంది. దాన్ని బరువుగా చూడటం మానేసి పనికి పెట్టడం మన చేతుల్లో ఉంది.

తరగతిలో దీన్ని నేర్పవచ్చు. చుక్కల మందు వాడే విధానం రాసిన చీటీ ఒకటి ఇచ్చి, ఒక విద్యార్థిని అవ్వగా కూర్చోబెట్టండి. ఇంకొకరు దాన్ని తెలుగులో, ఆ తర్వాత తమిళంలో చెప్పాలి. అర్థమైందా అని అడిగి ఊరుకోకూడదు, అవ్వ చేత తిరిగి చెప్పించాలి. తప్పు వస్తే విసుక్కోకుండా ఇంకో రకంగా చెప్పాలి. విన్న సంగతి బయట పదిమందితో చర్చించకూడదన్నదీ అప్పుడే చెప్పండి.

ప్లస్ టూ తర్వాత ఇలాంటి కోర్సుల్లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు రెండు విషయాలు చూసుకోండి. ఆ సంస్థకు, కోర్సుకు గుర్తింపు ఉందా? రోగుల మధ్య నిజమైన శిక్షణ ఇస్తారా? ఈ రెండూ ఉంటే, ఆడపిల్ల ఆస్పత్రి పనికి వెళ్ళడమేమిటని వెనకాడనక్కర్లేదు. వెంకటస్వామి ఆస్పత్రిని భుజాల మీద మోసింది మన పక్క పల్లెల అమ్మాయిలే.