జేమ్స్ హెన్రీ కజిన్స్

జేమ్స్ హెన్రీ కజిన్స్ (జూలై 22, 1873 - ఫిబ్రవరి 20, 1956) ఐర్లండుకు చెందిన కవి, నాటకకర్త, అధ్యాపకుడు, కళా విమర్శకుడు. అనీబిసెంట్ ఆహ్వానంపై 1915లో భారతదేశానికి వచ్చి, మిగిలిన జీవితంలో అధిక భాగాన్ని దక్షిణ భారతదేశంలోనే గడిపాడు. రాయలసీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్లం బోధించి, ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేశాడు. ఆయన అక్కడ ఉన్న కాలంలోనే రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. బోధనలో తీరిక దొరికినపుడల్లా దేశ విదేశాలు తిరిగి చిత్రకళను పరిశీలించిన కజిన్స్, మైసూరు, తిరువనంతపురం చిత్రశాలల ఏర్పాటులో ముఖ్యపాత్ర వహించాడు.

తొలి జీవితం

కజిన్స్ బెల్‌ఫాస్ట్ నగరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. పాఠశాల చదువు తక్కువే. రాత్రి బడులలోను, సొంతంగాను చదువుకున్నాడు. గుమాస్తాగా పనిచేసి, తరువాత బెల్‌ఫాస్ట్ మేయరుకు ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు. 1897లో డబ్లిన్ చేరి, డబ్ల్యు.బి.యేట్స్, జార్జ్ రస్సెల్ మొదలైనవారు నడిపిన ఐరిష్ సాహిత్య పునరుజ్జీవనంలో పాలుపంచుకున్నాడు. ఆయన నాటకాలు 1902లో డబ్లిన్‌లో ప్రదర్శింపబడ్డాయి. 1904లో యువకుడైన జేమ్స్ జాయిస్ కొద్దిరోజులు వీరి ఇంట అతిథిగా ఉన్నాడు. ఆ కాలంలోనే కజిన్స్ డబ్లిన్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు.

1903లో ఈయనకు సంగీత విద్యార్థిని మార్గరెట్ గిలెస్పీతో వివాహం జరిగింది. దంపతులిద్దరూ శాకాహారులు, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. మార్గరెట్ స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి లండన్‌లోను, ఐర్లండులోను జైలుకు వెళ్ళింది.

భారతదేశానికి రాక

కజిన్స్ 1915లో మద్రాసు చేరి, అనీబిసెంట్ నడుపుతున్న న్యూ ఇండియా పత్రికలో సాహిత్య విభాగపు ఉపసంపాదకుడు అయ్యాడు. 1916లో డబ్లిన్‌లో బ్రిటిషు పాలనపై ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. ఆ తిరుగుబాటును శ్లాఘిస్తూ కజిన్స్ తన పత్రికలో వ్యాసం రాశాడు. యుద్ధకాలంలో ప్రభుత్వ ఆగ్రహానికి గురికాగల రాత అది. అనీబిసెంట్ ఆయనను పత్రిక నుండి తప్పించవలసి వచ్చింది. స్వదేశం విడిచి వచ్చిన కొద్దికాలానికే ఉద్యోగం పోయిన ఈ కవికి, సమాజం స్థాపించిన మదనపల్లె కళాశాలలో అధ్యాపక పదవి లభించింది.

మదనపల్లెలో

మదనపల్లె అప్పట్లో చిత్తూరు జిల్లాలోని చిన్న పట్టణం. జిడ్డు కృష్ణమూర్తి జన్మస్థలం కూడా ఇదే. అక్కడి కళాశాలను అనీబిసెంట్ 1915లో ఏర్పరచింది. హోంరూల్ ఉద్యమంతో విద్యార్థులకు గల సంబంధం కారణంగా మద్రాసు విశ్వవిద్యాలయం కళాశాల గుర్తింపును రద్దు చేసింది. గుర్తింపు లేని కళాశాలలో చదివినవారికి ప్రభుత్వోద్యోగాల దారి మూసుకుపోతుంది. ఈ స్థితిలో అనీబిసెంట్ అడయారులో నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయం ఆ కళాశాలను తన పరిధిలోకి తీసుకొంది. ఆ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రనాథ్ ఠాగూర్.

మార్గరెట్ మదనపల్లెలో స్త్రీల కోసం అబలా అభివర్ధని సమాజం స్థాపించింది. 1917లో అడయారులో ఏర్పడిన భారత మహిళా సంఘానికి ఇది ఒక ప్రేరణ అయింది.

జనగణమన

1919 ఫిబ్రవరి చివరలో, దక్షిణ దేశ పర్యటనలో ఉన్న ఠాగూర్ కొన్నిరోజుల విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చాడు. కళాశాలలో బుధవారం రాత్రులలో విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరి పాటలు పాడుకునే అలవాటు ఉండేది. కజిన్స్ ద్వారా ఈ సంగతి తెలిసిన ఠాగూర్ ఆ సమావేశానికి వచ్చి, తాను రచించిన జనగణమన పాడి వినిపించాడు. విద్యార్థులు పల్లవిలో గొంతు కలిపారు. తరువాత మార్గరెట్ ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసింది. ఠాగూర్ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించి, స్వదస్తూరితో రాసి, ఫిబ్రవరి 28, 1919 తేదీ వేసి సంతకం చేశాడు. ఈ అనువాదానికి మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా అని పేరు. కళాశాలలో ఇది ప్రార్థనాగీతమైంది.

జనగణమనకు బాణీ మదనపల్లెలోనే పుట్టిందని కొన్నిచోట్ల రాయడం కనిపిస్తుంది. అయితే ఈ గీతం 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలోనే పాడబడింది. మదనపల్లెలో జరిగినది ఆంగ్లానువాదం, మార్గరెట్ చేసిన స్వరలేఖనం. 1937లో వందేమాతరంపై వివాదం చెలరేగినపుడు, జనగణమనను జాతీయగీతంగా స్వీకరించాలని కజిన్స్ పత్రికాముఖంగా కోరాడు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆ నిర్ణయమే తీసుకొంది.

జపానులో అధ్యాపకత్వం

జపాను కవి యోనె నోగుచి ఆహ్వానంపై కజిన్స్ 1919లో టోక్యోలోని కియో విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఆంగ్ల సాహిత్యం బోధించాడు. కొన్ని నెలలు మాత్రమే సాగిన ఈ ఉద్యోగంలో తీరిక సమయాన్ని ఆ దేశపు కళలను, జనజీవితాన్ని పరిశీలించడానికి ఉపయోగించుకున్నాడు. 1920లో టోక్యోలో దివ్యజ్ఞాన సమాజపు శాఖ ఏర్పడడానికి తోడ్పడ్డాడు. బౌద్ధ పండితుడు డి.టి.సుజుకి, ఆయన భార్య ఆ శాఖలో చేరారు. కియో విశ్వవిద్యాలయం కజిన్స్‌కు డాక్టరేటు ప్రదానం చేసింది. తన అనుభవాలను ఆయన ది న్యూ జపాన్ (1923) అనే పుస్తకంగా వెలువరించాడు.

చిత్రకళా సేవ

భారతదేశానికి వచ్చిన తొలిరోజులలోనే కజిన్స్ కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్ తదితరుల చిత్రాలను చూసి ముగ్ధుడయ్యాడు. 1916లో ఆ చిత్రాల ప్రదర్శనను మద్రాసులో ఏర్పాటు చేశాడు. ఆనాటి విద్యావంతులలో పలువురు పాశ్చాత్య పద్ధతినే ఉత్తమమని భావిస్తుండగా, ఈ విదేశీయుడు భారతీయ చిత్రకళను గురించి ఊరూరా ఉపన్యసించాడు. 1924లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఆధునిక భారతీయ చిత్రాల సేకరణకు మహారాజా కృష్ణరాజ వడయారుకు సహకరించాడు. తిరువాన్కూరు సంస్థానపు కళా సలహాదారుగా తిరువనంతపురంలో శ్రీచిత్రా చిత్రశాలను తీర్చిదిద్దాడు. 1935లో ప్రారంభమైన ఈ చిత్రశాలలో రవివర్మ, నికోలస్ రోరిక్ చిత్రాలను ప్రదర్శించారు.

రచనలు

కజిన్స్ కవిత్వం, నాటకాలు, విమర్శ కలిపి అనేక గ్రంథాలు రచించాడు. న్యూ వేస్ ఇన్ ఇంగ్లీష్ లిటరేచర్ అనే ఆయన పుస్తకాన్ని సమీక్షించబోయి శ్రీ అరవిందులు ప్రారంభించిన వ్యాసాలే తరువాత ది ఫ్యూచర్ పొయెట్రీ అనే గ్రంథమయ్యాయి. ది రినైజాన్స్ ఇన్ ఇండియా (1918), సమదర్శన (1925) ఈయన ఇతర రచనలు. దంపతుల ఉమ్మడి ఆత్మకథ వి టూ టుగెదర్ 1950లో వెలువడింది.

చివరి రోజులు

1930లలో కజిన్స్ మరోమారు మదనపల్లె కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశాడు. హిందూమతం స్వీకరించి జయరామ్ అనే పేరు పెట్టుకున్నాడు. పక్షవాతంతో చాలాకాలం బాధపడిన మార్గరెట్ 1954 మార్చి 11న మరణించింది. రెండు సంవత్సరాల తరువాత, 1956 ఫిబ్రవరి 20న, కజిన్స్ మదనపల్లెలో కన్నుమూశాడు. పత్రికా ఉద్యోగం పోగొట్టుకుని ఉపాధ్యాయుడుగా అడుగుపెట్టిన ఊరిలోనే ఆయన జీవితం ముగిసింది.