కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్: యుద్ధరంగమున కట్టిన లెక్క

ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూర్చుండి బుధుడెక్కడ, గురుడెక్కడ అని వినుట మనకు వాడుక. ఆ బుధుని నడకలోని చిన్న తేడా ఒకటి ఐరోపా ఖగోళశాస్త్రజ్ఞులను చిరకాలము వేధించెను. న్యూటను లెక్కకు నూరేండ్లకు 43 వికలలు మిగిలిపోయెడివి. 1915 నవంబరులో ఐన్‌స్టీను తన క్రొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతముతో ఆ తేడాకు కారణము చూపెను. అయితే ఆయన చేసినది ఉజ్జాయింపు లెక్క. సరియైన లెక్క కట్టినవాడు అప్పటికి జర్మను సైన్యములో ఉన్నాడు.

కార్ల్ ష్వార్ట్స్‌షిల్డ్ 1873 అక్టోబరు 9న ఫ్రాంక్‌ఫర్టులో యూదు కుటుంబమున జన్మించెను. పదహారేండ్లకే జంటనక్షత్రముల కక్ష్యలపై వ్యాసములు ప్రచురించెను. వియన్నాలో ఉన్నప్పుడు ఛాయాచిత్రపు పలకపై పడిన నలుపునుబట్టి నక్షత్రకాంతిని కొలుచు పద్ధతిని సాధించెను. 1901లో గోటింగెన్, 1909లో పాట్స్‌డామ్ వేధశాలలకు అధిపతి ఆయెను. ఇంటిపేరునకు జర్మను భాషలో నల్లని డాలు అని అర్థమట!

1914లో, నలుబది దాటిన వయసున, తానై సైన్యమున చేరెను. బెల్జియములో వాతావరణ కేంద్రము నడిపెను. పిదప ఫిరంగిగుండ్ల మార్గములు గణించెను. ఆ నడుమనే, 1915 డిసెంబరు 22న, ఐన్‌స్టీనునకు ఉత్తరము వ్రాసి తన సాధన పంపెను. మరునెలలో ఐన్‌స్టీను దానిని బెర్లిన్ అకాడమీలో సమర్పించెను.

ఆ లెక్క ప్రకారము ప్రతి ద్రవ్యరాశికిని ఒక హద్దు కలదు. సూర్యునికి అది 3 కిలోమీటర్ల వ్యాసార్ధము. భూమికి 9 మిల్లీమీటర్లు, అనగా గోళీకాయంత. అంతకు కుదించుకొనిపోయిన వస్తువునుండి వెలుగైనను వెలికి రాలేదు. ఇట్టి వస్తువు నిజముగా ఉండునని ఆయన తలంపలేదు. నొక్కుటకు వీలుకాని ద్రవగోళమైనచో ఆ హద్దు చేరకమునుపే నడిమి ఒత్తిడి అనంతమగునని రెండవ వ్యాసమున చూపెను. ప్రకృతి అంతదూరము పోదని ఆనాటివారు ఊరడిల్లుట సహజమే అని మేమనుకొందుము.

యుద్ధభూమిలోనే పెంఫిగస్ అను దారుణమైన చర్మవ్యాధి సోకెను. 1916 మార్చిలో ఇల్లు చేరి, మే 11న, నలుబదిరెండేండ్లకే కన్నుమూసెను. నాలుగేండ్లైన నిండని కుమారుడు మార్టిన్ పెద్దవాడై, నాజీల కాలమున జర్మనీ విడిచి అమెరికా చేరి, ప్రిన్స్‌టన్‌లో నక్షత్రశాస్త్రమున పేరొందెను. పరదేశమున స్థిరపడిన కుటుంబములవారము గనుక ఈ మాట విడువలేకపోతిమి.

ఇక ఆ హద్దు సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండుకు ఓడలో పోవుచు, ద్రవ్యరాశి ఒక మేర మించిన శ్వేతకుబ్జతార నిలువజాలదని లెక్క కట్టెను. 1939లో ఓపెన్‌హైమర్, స్నైడర్‌లు నక్షత్రము ఆ హద్దు దాటి కూలగలదని చూపిరి. 2019 ఏప్రిల్ 10న 5.5 కోట్ల కాంతిసంవత్సరముల దూరమందలి కృష్ణబిలపు నీడ చిత్రము వెలువడెను. దాని ద్రవ్యరాశి 650 కోట్ల సూర్యులకు సమానము.

హద్దువద్ద లెక్క చెడదని, అది కొలతలు తీసిన తీరువలని చిక్కేనని 1933లోనే లెమైత్ర్ తేల్చెను. కేంద్రమునందలి చిక్కు మాత్రము అట్టిది కాదు. అచ్చట సాంద్రత అనంతమని ఐన్‌స్టీను సమీకరణములు చెప్పును; అంత చిన్నచోట క్వాంటం సిద్ధాంతమును కలుపుకొనవలెను. ఆ రెంటిని కలిపి, ప్రయోగమున నిగ్గుదేలిన సిద్ధాంతము ఇంకను రాలేదు.