కూలి పని చేసే తండ్రి.. లెక్కల్లో చిచ్చరపిడుగు కొడుకు! గాస్ చదువు సాగిందిలా..

1 నుంచి 100 వరకు కూడితే 5050. బడిలో ఈ లెక్కను చిటికెలో తేల్చేసిన పిల్లాడిగా కార్ల్ ఫ్రెడరిక్ గాస్ కథ చాలామందికి తెలుసు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. ఇలాంటి పిల్లాడికి ఎవరు చెప్పాలి చదువు?

గాస్ 1777లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో పుట్టాడు. తండ్రి తోటపని, తాపీపని చేసేవాడు. కొడుకూ ఏదో పని నేర్చుకుని ఇంటికి ఆసరా అయితే చాలనుకున్నాడు.

బడి మాస్టారు బ్యూట్నర్ చండశాసనుడు. బెత్తం లేనిదే క్లాసు నడిచేది కాదట. కానీ గాస్ తెలివి చూసి ఇంకా పెద్ద లెక్కల పుస్తకం తెప్పించారు. ఇక తాను నేర్పేదేమీ లేదని ఒప్పేసుకున్నారు. ఎంతమంది టీచర్లు ఆ మాట అనగలరు చెప్పండి!

అప్పుడు దొరికాడు అసిస్టెంట్ బార్టెల్స్. గాస్ కంటే 8 ఏళ్లే పెద్ద. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆల్జీబ్రా చదువుకున్నారు. సాయంత్రాలు ఇంట్లో నార వడికే పని నుంచి గాస్‌కి సెలవు దొరికింది. తండ్రిని ఒప్పించాల్సి వచ్చింది మరి.

1788లో హైస్కూల్. ఫీజులెలా? 1791లో బ్రన్స్‌విక్ డ్యూక్ ఆదుకున్నారు. అప్పటికి గాస్‌కి 14 ఏళ్లు. ఆ డబ్బుతోనే కాలేజీ, 1795లో గోటింగెన్ యూనివర్సిటీ. 24 ఏళ్లకే సంఖ్యాశాస్త్రంపై రాసిన పుస్తకాన్ని ఆ డ్యూక్‌కే అంకితమిచ్చాడు.

బార్టెల్స్ రష్యా వెళ్లి కజాన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడ ఆయన శిష్యుల్లో ఒకరు.. జ్యామితిని మలుపు తిప్పిన లోబచెవ్‌స్కీ!