ఉక్కు సుంకములు - సర్ దొరాబ్జీ టాటా

ఉక్కు పరిశ్రమను గూర్చి కలగన్నవారు జంషెడ్జీ టాటా. ఆ కలకు కొలిమి కట్టినవారు వారి జ్యేష్ఠపుత్రులు సర్ దొరాబ్జీ. తండ్రి కీర్తిచ్ఛాయలో కుమారుని పేరు కొంత మరుగుపడినది. కాని దిగుమతి సుంకము ఒక పరిశ్రమను ఎట్లు బ్రతికించునో, ఆ బ్రతుకునకు వెల యెవరు చెల్లింతురో తెలిసికొనగోరువారు చదువవలసినది కుమారుని చరిత్రమే.

దొరాబ్జీ 1859వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన జన్మించిరి. కేంబ్రిడ్జిలో రెండేండ్లు చదివి, తిరిగివచ్చి, 1882లో బొంబాయిలో పట్టభద్రులైరి. పిమ్మట కొంతకాలము ఒక ఆంగ్లపత్రికలో పనిచేసిరి. ఇది మా వృత్తివారికి కించిత్ గర్వకారణము. 1904లో తండ్రి జర్మనీలో కాలధర్మము నొందునాటికి ఖనిజాన్వేషణ యింకను ముగియలేదు. కడకు ప్రమథనాథ బోసుగారి సూచనవలన మయూరభంజ సంస్థానములోని గనులు ఆధారమైనవి. లండనులో మూలధనము లభింపకపోగా, 1907లో బొంబాయిలో వాటాలు పెట్టిరి. స్వదేశీ ఉత్సాహము ఉప్పొంగుచున్న కాలమగుటచే మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు కావలసిన ధనమును సమకూర్చిరి. 1912 ఫిబ్రవరిలో సాక్చియందు మొదటి ఉక్కు దిమ్మె వెలువడెను. ఆ సాక్చియే 1919లో జంషెడ్‌పూరు అయ్యెను. గంజాము, విశాఖపట్టణ మండలములనుండి తరలిపోయిన తెలుగువారనేకులకు అది అన్నము పెట్టిన ఊరు.

యుద్ధకాలమున మెసొపొటేమియాకు పట్టాలు పంపిన కర్మాగారము, యుద్ధానంతరము చిక్కులలో పడెను. ధరలు హెచ్చుగానున్నప్పుడు విస్తరణకు ధనము వెచ్చించిరి. యంత్రములు నెలకొనునప్పటికి ఉక్కు ధర పడిపోయెను. బెల్జియము మొదలగు దేశముల నాణెముల విలువ తగ్గుటచే అచటి సరకు మన రేవులలో కారుచౌకగా దిగుచుండెను. 1924లో జీతములకే ధనము కఱవగుసరికి, దొరాబ్జీ తమ సుమారు కోటి రూపాయల స్వంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలతోను, జూబిలీ వజ్రముతోను సహా ఇంపీరియల్ బ్యాంకునందు తాకట్టుపెట్టి అప్పు తెచ్చిరి. వాటాదారుల కంపెనీకి స్వంత ఆస్తిని ఒడ్డుమని చట్టము ఎవరిని నిర్బంధింపదు. న్యాయవాదిగా ఈ మాట వ్రాయుచున్నాను.

అయినను తాకట్టు కొద్దినెలల ఊపిరి మాత్రమే. అసలు మందు శాసనసభలోనుండెను. 1922 నాటి ఆర్థిక సంఘము, ఆలోచించి ఎంపికచేసిన పరిశ్రమలకే రక్షణ నీయవలెనని సిఫారసు చేసెను. 1923లో ఏర్పడిన టారిఫ్ బోర్డు మొట్టమొదట విచారించినది ఉక్కునే. 1924 జూనులో చట్టమయ్యెను: టన్నుకు కడ్డీలపై 40 రూపాయలు, పట్టాలపై 14 రూపాయలు సుంకము, దేశీయ పట్టాలకు బొక్కసమునుండి సహాయద్రవ్యము. అనగా, నాగటికఱ్ఱు, బండిచక్రపు పట్టా కొను రైతు సుంకపు భారమును ప్రత్యక్షముగా మోయగా, సహాయద్రవ్యమును పన్ను చెల్లించువారందఱు మోసిరి. రెండవది న్యాయతరమని నా అభిప్రాయము. అందు ఎవరెంత యిచ్చుచున్నారో లెక్క బయటపడును, సుంకములో అది ధరలో కలిసిపోవును.

చట్టముయొక్క సిరా ఆఱకమునుపే పరదేశపు సరకు ఇంకను చౌకయై, రూపాయి మారకపు విలువ పెరిగి, విధించిన సుంకము చాలదయ్యెను. ఆ యేడాది చివరననే మరల బోర్డును ఆశ్రయింపవలసివచ్చెను. ప్రభుత్వము సుంకమును పెంచక, సంవత్సరమునకు 50 లక్షలకు మించని సహాయద్రవ్యమును ఒప్పుకొనెను. 1927 నాటి చట్టము మఱియొక త్రోవ తొక్కి, బ్రిటిషు ఉక్కుకు తక్కువ సుంకమును, ఇతరదేశముల ఉక్కుకు ఎక్కువ సుంకమును నిర్ణయించెను. ఇది మాఱువేషమున వచ్చిన సామ్రాజ్య పక్షపాతమేయని జాతీయవాదులు ప్రతిఘటించిరి. వారి సందేహము నిరాధారము కాదు: స్వదేశ పరిశ్రమకు గొడుగు పట్టుచు, ఆ గొడుగు క్రిందనే షెఫీల్డు సరకునకును చోటిచ్చినట్లయ్యెను.

1931లో మెహర్‌బాయి గతించెను. మఱుసటి యేడు మార్చిలో దొరాబ్జీ తమ సర్వస్వమును ధర్మనిధికి అప్పగించి, భార్య సమాధిని చూడ నింగ్లండునకు బయలుదేఱి, మార్గమధ్యమున జర్మనీలోని బాడ్ కిస్సింజెనులో జూన్ 3వ తేదీన మరణించిరి. వారిని బ్రుక్‌వుడ్‌లో భార్య చెంతనే ఉంచిరి. వారు ఎదురుచూచిన ఉక్కు రక్షణ వారి తరువాత పదునైదేండ్లు నిలిచి, 1947లో ముగిసినది.