పది వాకిళ్ల ముందు గోదాదేవి

ధనుర్మాసమున తిరుమలకొండపై శ్రీనివాసునికి సుప్రభాతమునకు బదులు తిరుప్పావై పాశురములు వినిపింతురు. ఆ నెలదినములు ఒక బాలిక నోటిమాటయే స్వామికి మేలుకొలుపు. అయితే ఆ తల్లి స్వామికంటె ముందుగా ఎవరిని మేలుకొలిపినదో భక్తులు ఒకింత నిలిచి ఆలోచింపవలెను. ముప్పది పాశురములలో 6వది మొదలు 15వది వఱకు పది పాశురములు, అనగా సరిగా మూడవ వంతు, ఆమె తన ఈడు బాలికల వాకిళ్ల ముందు నిలిచి పాడినవే.

శ్రీవిల్లిపుత్తూరున వటపత్రశాయికి పూలమాలికలు సమర్పించు విష్ణుచిత్తులకు తులసివనమున ఆ శిశువు లభించెను. అది కర్కాటకమాసము, పుబ్బానక్షత్రము. సంప్రదాయము ఆ అవతారమును కలియుగారంభమున నిలుపును. చరిత్రకారులు క్రీ.శ. 8, 9 శతాబ్దములందురు. ఆ వాదము పండితులకు విడిచెదము. మనకు గమనింపదగినది వేఱొకటి. భూదేవి అంశయగు ఆ బిడ్డకు కన్నతల్లి యని లోకమున చూపుటకు ఎవరును లేరు. తోడబుట్టిన అక్కచెల్లెండ్రను గూర్చి గురుపరంపర చెప్పదు. పెంచిన తండ్రి పరమభాగవతుడే కాని, ఆడుపిల్ల మనసులోని మాట అంతయు తండ్రితో చెప్పుకొనగలదా?

స్వామికై కట్టిన మాలను తాను ముందుగా ధరించి అద్దమున చూచుకొనుట, తండ్రి కనుగొని వగచుట, స్వామి ఆ మాలయే తనకు ప్రియమని స్వప్నమున తెలుపుట, ఇవి మన ఇండ్లలో పసిపిల్లలు సైతము ఎఱిగిన కథలు. అందుచే ఆమెకు ఆముక్తమాల్యద యను పేరు గలిగెను. శ్రీరంగనాథుని తప్ప మానవమాత్రుని వరింపనని ఆమె నిశ్చయించుకొన్న పిమ్మట జరిగినదానిని మాత్రము కొంత విస్తరించి చెప్పవలసి యున్నది.

శ్రీకృష్ణుని పతిగా పొందుటకు వ్రేపల్లె కన్నియలు మార్గశీర్షమున వ్రతము పట్టిరని భాగవత దశమస్కంధము చెప్పును. వారు తెల్లవారుజామున ఒకరినొకరు పిలుచుకొని, చేయి చేయి పట్టుకొని, కృష్ణుని పాడుకొనుచు యమునకు పోయిరి. గోదాదేవి భావనలో శ్రీవిల్లిపుత్తూరే వ్రేపల్లె, వటపత్రశాయి కోవెలయే నందగోపుని ఇల్లు. తాను గొల్లపిల్ల. ఊరి బాలికలు తోడి గోపికలు. స్వామిని ఒంటరిగా చేరుటకు ఆమెకు అర్హత తక్కువైనదా? కాదు. అయినను ఒంటరిగా పోలేదు.

నోము నియమములు రెండవ పాశురమున గలవు. నేయి, పాలు ముట్టరాదు. వేకువనే స్నానము చేయవలెను. కాటుక, పూలు వలదు. వీనితోపాటు ఒకరిమీద ఒకరికి చాడీలు చెప్పరాదను నియమమును ఆమె చేర్చెను. నేయి మానుట కంటె ఇది ఎంత కష్టమో నలుగురు కూడి వ్రతము చేసిన గృహిణులకు నేను చెప్పనక్కఱలేదు.

ఇక ఆ పది వాకిళ్లు. ఒక యింట ఉన్నది నోమునకు క్రొత్తగా చేరిన చిన్నది. దానిని పక్షుల కూతలు, కోవెల శంఖనాదము చెప్పి మెల్లగా లేపిరి. ఒకతె మేనమామ కూతురు; మణిదీపముల నడుమ నిద్రించు ఆమె మూగయా, చెవిటియా అని తల్లినే అడిగిరి. ఒకతెను, కుంభకర్ణుడు తన నిద్రను నీకిచ్చి పోయెనా యని పరిహాసమాడిరి. ఒక యింట గేదెల పాలు కాఱి ముంగిలి అంతయు బురద. నెత్తిపై మంచు కురియుచుండ గడప పట్టుకొని నిలిచిరి. అందఱికంటె ముందు తానే లేచి పిలిచెదనని పలికిన పిల్ల తానే నిద్రించుచుండుట మఱొక వాకిట చూతుము. ఎవరిని విడిచి ముందునకు సాగలేదు. పదవ వాకిట లోపలి పిల్లకును బయటివారికిని చిన్న వాదము జరిగెను. తుదకు లోపలి పిల్ల తప్పు తనదే కానిండని ఒప్పుకొని, అందఱును వచ్చిరా యని అడిగెను. వచ్చి నీవే లెక్కించుకొమ్మని వీరు పిలిచిరి. పూర్వాచార్యులైన వ్యాఖ్యాతలు ఈ పాశురమునే తిరుప్పావైకి తిరుప్పావైగా ఎన్నిరి.

ఈ పదిమందిని పదిమంది ఆళ్వార్లుగా చెప్పు అంతరార్థము గలదు. నేనును శిష్యులకు చాల కాలము అట్లే పాఠము చెప్పితిని. అది పెద్దలు చెప్పినది, శిరోధార్యము. కాని ఆ అర్థమునకు త్వరపడి, ఒక ఆడుపిల్ల మఱొక ఆడుపిల్లను మంచులో నిలిచి పిలుచుచున్నదను మొదటి అర్థమును నేను కొన్నేండ్లు దాటవేసితినని ఇప్పుడు తోచుచున్నది.

బాల్యమున ధనుర్మాసపు వేకువలలో మా అగ్రహారపు స్త్రీలు ఇంటింట పిలుచుకొని కోవెలకు పోవుచుండిరి. లాంతరు పట్టుకొని ముందు నడుచుట నా పని. ఒక్క యింటి ముందు మాత్రము ఎవరును ఆగెడివారు కారు. ఆ యింటి ఆమె చిన్ననాటనే భర్తను కోల్పోయినది. ఆమె తలుపు వెనుక నిలిచి మాతోపాటు పాశురము చదువుచుండగా మెల్లని గొంతు వినిపించెడిది. ఒక యేడు మా నాయనమ్మ అచట ఆగి, లాంతరు ఎత్తి పట్టుమని నాతో చెప్పి, తలుపు తట్టెను. ఇద్దఱు ముగ్గురు స్త్రీలు మాట యాడక వెనుదిరిగిపోయిరి. కొన్నాళ్లు వారు మాతో రాలేదు. నాయనమ్మ ప్రతిదినము తలుపు తట్టుట మానలేదు. వెళ్లిపోయినవారి యిండ్లను పిలుచుటయు మానలేదు.

బాలికలందఱు కూడిన పిమ్మట గోద వారిని తిన్నగా కృష్ణుని మంచము కడకు తీసికొనిపోలేదు. నందుని, యశోదను, బలరాముని మేలుకొలిపి, నీళాదేవి యగు నప్పిన్నను ముందుగా ఆశ్రయించెను. ఆమె స్వామిని క్షణమైనను విడువదని నిష్ఠురమాడిరి. అయినను ఆమె తలుపు తీసిననే తమకు దారి యని ఎఱిగిరి. పురుషకారమనగా ఏమో శాస్త్రగ్రంథములలో చదివినవారికి ఇది వింత కాదు.

27వ పాశురమున నోము ఫలించినది. విడిచిన సొమ్ములు మరల తాల్చి, మోచేతివఱకు నేయి కాఱు పాలబువ్వను అందఱు కలిసి కూర్చుండి చల్లగా ఆరగింతుమని ఆమె కోరెను. ఆ దినమున మా కోవెలలో స్త్రీలు పంక్తి తీరి కూర్చుండిరి. వెనుదిరిగిపోయిన వారిలో ఒకామె మా నాయనమ్మ ప్రక్కన, రెండవ ప్రక్కన ఆ యింటి ఆమె యున్నట్లు నాకు జ్ఞాపకము. మూడవ ఆమె ఆ యేడు రాలేదు.

నాచ్చియార్ తిరుమొళిలో గోదాదేవి తన వివాహస్వప్నమును వర్ణించెను. వేయి యేనుగులతో స్వామి వచ్చుట, పందిరి, పాణిగ్రహణము అన్నియు అందు గలవు. ఆ కల ఆమె చెప్పుకొన్నది చెలికత్తెకే. శ్రీకృష్ణదేవరాయలు తెలుగున ఆముక్తమాల్యదను రచించినపుడు సైతము ఆమె విరహమును చెలుల నడుమనే చిత్రించెను.

తుదకు శ్రీరంగనాథుని ఆజ్ఞచే విష్ణుచిత్తులు ఆమెను పల్లకిలో శ్రీరంగమునకు తీసికొనిపోయిరి. ఆమె గర్భాలయమున ప్రవేశించి స్వామిలో లీనమయ్యెను. ఆమె మ్రొక్కుకొన్న నూఱు కుండల వెన్నను, నూఱు కుండల అక్కారవడిశలును తరువాతి శతాబ్దులలో రామానుజులు అళగర్ స్వామికి సమర్పించి ఆ మ్రొక్కు తీర్చిరి. పిదప వారు శ్రీవిల్లిపుత్తూరునకు పోగా ఆమె అన్నయని సంబోధించెనని పెద్దలు చెప్పుదురు. తోబుట్టువు లేని ఆమెకు అన్న అట్లు లభించెను. ఆ పది వాకిళ్ల బాలికల పేర్లు మాత్రము ఏ పాశురమునను లేవు. నేటికిని ప్రతి ధనుర్మాసమున, 6వ దినము మొదలు 15వ దినము వఱకు, రోజునకొక వాకిలి చొప్పున వారిని పిలుచుచునే యున్నాము.