సయ్యద్ అబ్దుల్ రహీము

బాలురు ఆటస్థలమునకు పోయినప్పుడు ప్రతివాడును గోలు చేయవలయుననియే కోరును. వెనుక నిలిచి బంతిని అడ్డగింపుమన్నచో ముఖము చిన్నబుచ్చుకొనును. షాద్‌నగరు పాఠశాల మైదానమునందైనను, మహానగరముల క్రీడారంగములందైనను ఈ కోరిక ఒక్కటియే. కాని వెనుక నిలిచినవాడు తడబడినచో ముందున్నవారి శ్రమ యంతయు బూడిదలో పోసిన పన్నీరగును. ఎవడు ఎచ్చట నిలిచినను జట్టుకొరకే నిలువవలయునని మన దేశపు ఆటగాండ్రకు నేర్పిన గురువొకడు హైదరాబాదు నగరమున నుండెను. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీము. ఆటగాండ్రందరును ఆయనను రహీము సాహెబని గౌరవముతో పిలుచుచుండిరి.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు ఫుట్‌బాలు ఆటలో పేరు గడించెను. పట్టభద్రుడైన పిదప ఆయన ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, తరువాత చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాల మున్నగువానిలోను పనిచేసెను. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, బాలుర ఆటలను తీర్చిదిద్దు బాధ్యతను వహించెను. పిమ్మట ఎంత కీర్తి వచ్చినను ఆయన స్వభావము బడిపంతులు స్వభావమే. ఒకసారి చెప్పి ఊరకుండుట ఆయన ఎరుగడు. వచ్చువరకు చేయించుట ఆయన పద్ధతి.

ఆయన శిక్షణ విధానము చిత్రముగా నుండెడిది. సాధారణముగా ఆటగాడు తనకు వాటమైన కాలితోనే బంతిని తన్నును. వెనుకవరుసవాడు కుడికాలి నొక్కదానినే నమ్ముకొన్నచో, ఎదిరి ఎడమవైపునుండి వచ్చినప్పుడు చేష్టలుడిగి నిలువవలసినదే. ఈ లోపమును పోగొట్టుటకై రహీము వాటము కాని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను నడపెను. బంతిని తనయొద్దనే ఉంచుకొని వన్నెలు పోవుట కూడదని, అందిన వెంటనే తోడివానికి అందింపవలెనని మరికొన్ని పోటీలు పెట్టెను. ప్రతిభ కల బాలుడు పేదరికముచే ఆటకు దూరమగుట ఆయన సహింపలేకపోయెను. సికింద్రాబాదునుండి అభ్యాసమునకు వచ్చుటకు చేత కాసులేని బలరామునకు సైకిలు అద్దెకై తానే పైకమిచ్చెను. ఆ బలరాము తరువాత దేశము గర్వింపదగిన ఆటగాడాయెను.

1950లో రహీము హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడాయెను. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో, ఆయన శిక్షణ పొందిన భారత జట్టు ఇరాను జట్టును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము నందెను.

విజయము వెంట పరాభవము వచ్చినది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిపై పది గోలులు చేసెను. మనవారు చేసినది ఒక్కటియే. ఆ చలిదేశమున మన ఆటగాండ్రు పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. ఇట్టి ఓటమి తరువాత నిందను పరులపై మోపువారే లోకమున అధికము. రహీము అట్లు చేయలేదు. లోపమెక్కడనున్నదో వెదకెను. బూట్లు తప్పనిసరియని ఫుట్‌బాలు సమాఖ్య నిర్ణయించెను. రహీము ఆట విన్యాసమునే మార్ప బూనెను. పూర్వము వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు నిలుచుట ఆచారము. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచు క్రొత్త పద్ధతిని మనదేశమున తొలుదొల్త ఆడించినవారిలో ఆయన యొకడు.

నాలుగేండ్లకు ఫలము కనబడెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2 గోలులతో ఓడించి, నాలుగవ స్థానమును పొందెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో మన దేశమునకు అంతకు మించిన స్థానము నేటివరకును లభింపలేదు.

1962లో జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీము దేహమును వ్యాధి తొలుచుచుండెను. తొలి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో ఓడెను. తరువాత థాయిలాండుతో ఆడునప్పుడు వెనుకవరుసకు ప్రాకారమువంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. ఇస్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయకుండుటను ఒక భారతీయ ప్రముఖుడు విమర్శించినందున స్థానిక ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహించి యుండిరి. ఇట్టి సమయమున రహీము ఎవరును తలపని పని చేసెను. తలకు కట్టుతోనున్న జర్నైల్ సింగును వెనుకనుండి తీసి ముందువరుస నడుమ నిలిపెను. వెనుక ఆతని చోటును అరుణ్ ఘోషు మున్నగువారు కాచిరి. దక్షిణ వియత్నాముతో జరిగిన ఆటలో జర్నైల్ సింగు గోలు చేసెను. మనవారు 3–2తో గెలిచిరి.

సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీ. ఎదిరి మరల దక్షిణ కొరియాయే. ఇంచుమించు లక్షమంది జనము మనవారికి ప్రతికూలముగా కేకలు వేయుచుండిరి. అస్వస్థతచే ముందు ఆటలకు దూరమైన తంగరాజు ఆనాడు గోలును కాచెను. మొదట పి.కె. బెనర్జీయు, వెంటనే జర్నైల్ సింగును గోలులు చేసిరి. కొరియావారు చివర ఒక గోలు చేసిరి కాని మన వెనుకవరుస మరి చలింపలేదు. 2–1తో స్వర్ణపతకము భారతదేశమునకు దక్కెను.

ఆ విజయము జరిగి ఏడాది తిరుగక మునుపే, 1963 జూన్ 11వ తేదీన, క్యాన్సరు వ్యాధిచే రహీము సాహెబు కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిమూడేండ్లు మాత్రమే. ఆసియా క్రీడలలో పురుషుల ఫుట్‌బాలు స్వర్ణము ఆ తరువాత నేటివరకును మనకు రాలేదు.

గోలు చేసినవాని పేరును జనము తలచుకొందురు. బంతిని అడ్డగించినవానిని కొందరే తలచుకొందురు. వారిరువురను తీర్చి, గీత వెలుపల నిలిచిన గురువును తలచువారు ఇంకను తక్కువ. రహీము కీర్తికై వెదకలేదు. ఓటమిని పాఠముగా గ్రహించి, ఆ పాఠమును శిష్యులచేత అప్పగింపజేసెను. బాలురారా! మీకు వెనుక నిలుచు పని వచ్చినప్పుడు చిన్నబుచ్చుకొనకుడు. ఆ చోటును నిలుపుకొన్నవాడే, అవసరము వచ్చిననాడు ముందునకు వచ్చి జట్టును గెలిపింపగలడు.