బంతి చెప్పిన సత్యం – ఎమిలీ ద్యు షాట్లే జీవితం

మీటరు ఎత్తు నుండి గచ్చుమీదికి జారవిడిచిన రబ్బరు బంతి తిరిగి మీటరు ఎత్తుకు లేవదు. ప్రతి ఎగురుకూ కొంత తగ్గి, చివరకు నిలిచిపోతుంది. పసిపిల్లలకు ఆటగా కనిపించే ఈ దృశ్యం వెనుక ఒక గంభీరమైన ప్రశ్న ఉన్నది. కదిలే వస్తువులోని శక్తిని దేనితో కొలవాలి? పద్దెనిమిదవ శతాబ్దంలో ఐరోపా పండితులను రెండు పక్షాలుగా చీల్చిన ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన వారిలో ఎమిలీ ద్యు షాట్లే అగ్రగణ్యురాలు.

ఆమె 1706 డిసెంబరు 17న పారిస్ నగరంలో జన్మించింది. తండ్రి ఫ్రెంచి రాజాస్థానంలో ఉన్నతోద్యోగి. ఆ కాలంలో స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. విజ్ఞాన పరిషత్తులో సభ్యత్వం అసలే లేదు. అందువలన ఆమె చదువు ఇంటిలోనే సాగింది. 1725లో వివాహమై, బిడ్డల తల్లి అయిన తరువాత కూడా ఆమె జ్ఞానతృష్ణ చల్లారలేదు. మోపెర్త్యుయి, క్లెరో వంటి గణితవేత్తలను గురువులుగా చేసుకొని గణితం అభ్యసించింది. సీరే గ్రామంలోని తమ భవనంలో ప్రసిద్ధ రచయిత వోల్టేర్‌తో కలిసి గ్రంథాలయాన్నీ, ప్రయోగశాలనూ నెలకొల్పింది.

అగ్ని స్వభావాన్ని గురించి పారిస్ విజ్ఞాన పరిషత్తు వ్యాసపోటీ ప్రకటించినప్పుడు, వోల్టేర్‌కు కూడా తెలియకుండా రాత్రివేళల మేలుకొని ఆమె వ్యాసం వ్రాసింది. బహుమతి రాలేదు. అయినా పరిషత్తు 1739లో దానిని అచ్చు వేయించింది.

1740లో ఆమె తన కుమారుని చదువు కొరకు ఒక భౌతికశాస్త్ర గ్రంథం ప్రకటించింది. శక్తిని గూర్చిన వివాదం అందులో చోటు చేసుకున్నది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే శక్తి వస్తుందని డెకార్ట్ అనుయాయుల వాదం. వేగపు వర్గంతో గుణించాలని లైబ్నిట్జ్ మతం. హాలెండుకు చెందిన గ్రావెసాండ్ 1722లో ఇత్తడి గోళాలను మెత్తని బంకమట్టిపై వదలి పరీక్షించాడు. నాలుగు రెట్లు ఎత్తు నుండి పడిన గోళపు వేగం రెండు రెట్లే; కాని అది మట్టిలో చేసిన గుంట నాలుగు రెట్లు! ఎమిలీ లైబ్నిట్జ్ పక్షం వహించింది. పరిషత్తు కార్యదర్శి మేరాన్ 1741లో ఆమెను విమర్శిస్తూ లేఖ ప్రకటించగా, కొద్ది వారాలలోనే తిరుగులేని సమాధానం అచ్చు వేయించింది.

ఈ సూత్రం మన బంతికీ వర్తిస్తుంది. నేలను తాకిన బంతి క్షణకాలం నొక్కుకుపోయి నిలుస్తుంది. దాని గతిశక్తిలో అధికభాగం స్థితిస్థాపకత వలన అందులోనే నిలువ ఉంటుంది. అప్పుడు నేల చూపే ప్రతిచర్యాబలం బంతి బరువుకు ఎన్నో రెట్లు అధికమై దానిని పైకి నెడుతుంది. వేగంలో ఐదవ వంతు తగ్గితే బంతి 64 సెంటీమీటర్లే లేస్తుంది; అనగా శక్తిలో నూటికి 36 పాళ్లు తొలగినది. అది నశించలేదు, ఉష్ణంగా, ధ్వనిగా మారినది. పందొమ్మిదవ శతాబ్దంలో జౌల్ ప్రభృతుల ప్రయోగాలు ఈ మార్పును స్థిరపరచాయి. నేడు గతిశక్తి వేగవర్గంతోనూ, ద్రవ్యవేగం వేగంతోనూ లెక్కింపబడుతున్నవి. రెండూ సత్యాలే, కొలిచే విషయాలు వేరు.

ఆమె చివరి తపస్సు న్యూటన్ ‘ప్రిన్సిపియా’ గ్రంథానికి ఫ్రెంచి అనువాదం, వ్యాఖ్యానం. నలభై రెండేళ్ల వయస్సులో గర్భవతియై, ప్రసవంలో ప్రాణాపాయం కలుగవచ్చునని శంకించి, పగలూ రాత్రీ శ్రమించింది. వ్రాతప్రతిని రాజగ్రంథాలయంలో భద్రపరచే ఏర్పాటు చేసింది. 1749 సెప్టెంబరులో లూనెవిల్‌లో ఆడశిశువును ప్రసవించి, కొద్ది రోజులకే, 10వ తేదీన కన్నుమూసింది. ఆ అనువాదం 1759లో సంపూర్ణంగా వెలువడింది. ఫ్రెంచి పాఠకులకు నేటికీ అదే ప్రమాణం.

నేలను తాకిన బంతి శక్తి రూపం మార్చుకొనునే కాని నశించదు. పారిస్ పరిషత్తు ద్వారం తన కొరకు తెరుచుకోకున్నా ఎమిలీ చేసిన కృషి కూడా అటువంటిదే. తరగతి గదిలో గతిశక్తి సూత్రం వ్రాసే ప్రతి విద్యార్థినీ, విద్యార్థీ ఆ కృషికి వారసులే.